పళ్ల తెలుపు, చెరువు మందు

రక్తం తుడిచిన గాజుగుడ్డ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క పడగానే చుయ్‌మని సన్నగా నురగ లేస్తుంది. గుడివాడలోని నా క్లినిక్‌లో ఆ చప్పుడు విన్నప్పుడల్లా డాక్టర్ సుగుణమ్మగారు గుర్తొస్తారు. ఆవిడ ఇప్పుడు లేరు. పళ్ల డాక్టరుగా చదువు పూర్తి కాగానే బందరులో ఆవిడ దగ్గరే రెండేళ్లు పనిచేశాను. అంత అనుమానం మనిషిని మళ్లీ చూడలేదు.

పళ్లు తెల్లగా చేయమని కోడూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. దేంతో తోముతున్నావని ఆవిడ అడిగితే, "ఏదో పేస్టేనండీ" అన్నాడు. "పేరొద్దు బాబాయ్, రేపు ఆ డబ్బా పట్రా." మర్నాడు ఆయన తెచ్చింది ఊకబూడిద, ఉప్పు కలిపిన పొడి. ఆవిడ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది తెల్లబరచట్లేదు, అరగదీస్తోంది. ముందు ఇది మానెయ్" అని పంపేశారు. తెల్లబరిచే జెల్ అమ్మే కుర్రాడన్నా ఇంతే. వాడకముందు, వాడాక అంటూ అతను చూపించిన రెండు ఫొటోలనూ కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూసి, "రెండోదానికి లైటెక్కువ వేశారు కదూ?" అన్నారు. పాపం, అతను ఫొటోలు సంచీలో పెట్టేసుకున్నాడు.

అలాగని ఆవిడ పళ్లు తెల్లబరచకపోలేదు. చేసే ముందు మాత్రం నిక్కచ్చిగానే చెప్పేవారు. "కొంత తెల్లబడతాయమ్మా, నిజమే. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను, నువ్వు టీ మానవు కదా. కొన్నాళ్లు చల్లటివి తాగితే జివ్వుమంటాయి. క్యాపు వేసిన పన్ను రంగు మాత్రం మారదు." సగం మంది అది విని లేచిపోయేవారు. వ్యాపారం తెలియని మనిషని లోపల విసుక్కునేదాన్ని.

అలాంటి రోజుల్లోనే స్వర్ణ వచ్చింది. కృత్తివెన్నులో మా రొయ్యల చెరువు పక్కనే వాళ్ల చెరువు. మూడు వారాల్లో చర్చిలో పెళ్లి. పెళ్లికి పళ్లు తెల్లగా చేయించుకుందామని వచ్చింది, కానీ పెదవి వాచి ఉంది. ముందరి చిగుళ్లు సున్నం పూసినట్టు పాలిపోయి పొరలు లేస్తున్నాయి.

"ఏం పెట్టావు?" అన్నారు సుగుణమ్మగారు.

"ఏం లేదండీ. నిమ్మకాయ, ఉప్పు."

"నిమ్మకాయకి ఇలా కాదు. నీకెవరు చెప్పారమ్మాయ్?"

స్వర్ణ ఒక్కసారి నా వంక చూసి తల దించుకుంది. అంతకు ముందు ఆదివారం ఊళ్లో, "అక్కా, ఆ జెల్ ప్రమాదమా?" అని అది అడిగితే, దానికి ధైర్యం చెప్పాలని నవ్వుతూ, "ఏం కాదే! మీ నాన్న చెరువులో పోసే మందే అది" అన్నాను. రొయ్యలకి గాలి అందడం లేదంటే మావాళ్లు నీళ్లలో పోసేది జెల్‌లో ఉండే ఈ పెరాక్సైడే. చెరువు మందు ఎన్నో రెట్లు ఘాటన్న సంగతి చెప్పలేదు, చిగుళ్లకి అంటకుండా కప్పి పెడతామనీ చెప్పలేదు. అది పోయి చెరువు గట్టు మీది క్యాన్‌లో దూది ముంచి పళ్లకి రాసుకుందన్నమాట.

నేను నోరు మూసుకుంటే నా ఉద్యోగానికి ఢోకా ఉండేది కాదు. నా పరువు కాపాడటానికి ఆ పిల్ల నిమ్మకాయే అంటూ ఉండేది, ఇంటికెళ్లి మళ్లీ దూది ముంచేది. "నేనే చెప్పానండీ" అన్నాను. ఆవిడకి వినపడలేదు. రెండోసారి, క్యాన్ సంగతితో సహా చెప్పాల్సి వచ్చింది.

ఆవిడ తిట్టలేదు. స్వర్ణ వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, "మాటలొద్దు, ఆ క్యాన్ మీద కాగితం ఫొటో పంపండి" అన్నారు. అందులో ఘాటు ఎంతో చదివారు. పుండ్లకి మందు రాసి, పెళ్లయ్యాక కూడా ఆరు నెలలు తెలుపు మాట ఎత్తొద్దన్నారు. స్వర్ణ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

సాయంత్రం తాళం వేస్తూ ఆవిడ అన్నారు: "జిల్లాలో అందర్నీ అనుమానించానమ్మా. నా పక్కన నిలబడ్డ నీ మాటని అనుమానించలేదు. ఇక నువ్వేం చెప్పావో కాదు, వాళ్లకేం వినపడిందో అడుగు."

పెళ్లినాటికి చిగుళ్లు మానాయి. పళ్ల మీద తెల్ల మచ్చలు మాత్రం మిగిలాయి. ఆల్బమ్ మొత్తంలో స్వర్ణ పెదవులు బిగించే ఉంది, కేకు తినిపించే ఫొటోలో కూడా చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఫొటో నా బల్ల సొరుగులో ఉంది.

ఇప్పుడు ఎవరైనా పళ్లు తెల్లబరచమంటే అంతా వివరించి, చివర్లో అడుగుతాను: "నేనేం చెప్పానో మీరొకసారి చెప్పండి." ఇదేం పరీక్షండీ అని నవ్వుతారు. నాకు నవ్వు రాదు. వాళ్లు చెప్పేదాకా జెల్ మూత తీయను.