వాల్డెలీసి జుట్టు

బ్రెజిల్‌లోని ఫెయిరా ఊళ్లో వాల్డెలీసి చేతికి లొంగని జుట్టు లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా నల్లవాళ్ల ఉంగరాల జుట్టును కాల్చిన ఇనుప దువ్వెనతో సాపు చేసి పంపుతోంది. మొట్టమొదట సాపు చేసింది తన జుట్టునే. పంతొమ్మిదేళ్లప్పుడు బట్టల కొట్లో ఉద్యోగానికి వెళితే, చక్కగా కనిపించేవాళ్లే కావాలని తిప్పి పంపారు. ఆ చక్కదనం ఏమిటో ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

నలభై ఏడో ఏట లా పరీక్ష రాస్తే నల్లవాళ్ల కోటాలో సీటొచ్చింది. అక్కడ ఆ కోటాకు తాతముత్తాతల కాగితాలు చెల్లవు. సీటు ఖాయం చేసేముందు ఒక కమిటీ, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నల్లజాతి లక్షణాలు ఉన్నాయో లేదో చూస్తుంది, అంతే.

అంత పెద్దవాళ్ల ముందుకు చింపిరి తలతో వెళతారా ఎవరైనా? పొద్దున్నే దువ్వెన కాల్చి జుట్టు సాపు చేసుకుంది, చామనఛాయ ముఖానికి పౌడరు దట్టించింది. ఏ ఆఫీసుకైనా వాళ్లమ్మ అలాగే వెళ్లేది. కమిటీ నాలుగు నిమిషాలు చూసింది. మర్నాడు ఆమె పేరు పక్కన 'నల్లజాతి లక్షణాలు కనబడలేదు' అని రాసి పెట్టారు. ఎంత ఒళ్లు మండాలి!

జుట్టు సాపు చేసే కొట్లో ఆమెతోపాటు పనిచేసే జుసేలియా పడీపడీ నవ్వింది. "నీ పనితనం నీ కొంపే ముంచిందే. అప్పీలుకి మీ అమ్మమ్మ ఫోటో పట్టుకుపో."

"అమ్మమ్మతో వాళ్లకేం పని? నన్ను చూడమను," అంటూ వాల్డెలీసి తల తొట్టిలో పెట్టి కుళాయి తిప్పింది. తడి తగిలేసరికి జుట్టు మళ్లీ ఉంగరాలు తిరిగింది.

అప్పీలు కమిటీలో అందరూ కొత్తవాళ్లు. అధ్యక్షురాలు మొదటి కమిటీ తీసిన వీడియో చూసి, "మొదటిసారే ఇలా రావచ్చు కదమ్మా?" అంది.

"ఇలా వస్తే గేటు దగ్గరే ఆపుతారు మేడమ్. పని కావాలంటే ఈ జుట్టు దాచుకోమన్నారు, దాచుకున్నా. ఇప్పుడు చదువు కావాలంటే, ఏదీ కనబడదే అంటున్నారు. నన్ను నల్లదాన్నని గుర్తుపట్టడానికి ఇన్నేళ్లలో ఎవరికీ నాలుగు నిమిషాలు పట్టలేదు. సీటిచ్చేటప్పుడే కళ్లు మసకబారాయా?"

వారానికి సీటు ఖాయమైంది.

కొట్లో దువ్వెన ఇంకా కాలుతూనే ఉంది, పొట్ట గడవాలిగా. తన తలకు మాత్రం తగలనివ్వలేదు. మొదటిరోజు క్లాసులో వెనక కూర్చున్న పిల్ల ఆమె భుజం తట్టింది.

"ఆంటీ, బోర్డు కనబడటంలేదు. జుట్టు కాస్త ముడేసుకుంటారా?"

"పక్కకి జరిగి కూర్చో తల్లీ," అంది వాల్డెలీసి, తల తిప్పకుండానే.