మూత బిగించని పెట్టె

అది 1997. కొవ్వూరులో గోదావరి గట్టుకి వెళ్ళే దారిలో మా వడ్రంగి దుకాణం ఉండేది. ముందు రేకుల పంచ, వెనక ఇల్లు. పంచలో నుంచుంటే వంతెన మీద రైలు వెళ్ళే చప్పుడు వినిపిస్తుంది గానీ, చిత్రిక పడుతున్నప్పుడు అదీ వినపడదు. మేం చేసేవి ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు. వీటితో పాటు మా నాన్న కాలం నుంచీ ఇంకో పని కూడా ఉంది. మా వెనక వీధుల్లో ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్ళలో ఎవరైనా పోతే పెట్టె కోసం మా దగ్గరికే వస్తారు.

గృహప్రవేశానికి పిలిచి బట్టలు పెట్టినవాళ్ళు కూడా ఆ పెట్టె సంగతి నన్ను అడగరు. తెలుసుకోవాలని ఉంటుంది, అడగడానికి మొహమాటం. అందుకని నేనే చెబుతున్నాను.

పోయినవాళ్ళ ఇంటి నుంచి ఒకాయన కొబ్బరి తాడు ముక్క పట్టుకొస్తాడు. దానికి రెండు ముళ్ళు ఉంటాయి. ఆ ముళ్ళ మధ్య ఉన్నది మనిషి పొడుగు. తాడు బల్ల మీద పెట్టి పక్కన నుంచుంటాడు. మేం చేతిలో పని ఆపి, దొరికిన పలకలు కోసి, సాయంత్రం లోపల పెట్టె అప్పజెప్పాలి. ఇందులో చిక్కల్లా సీజనింగ్. అంటే కోసిన చెక్కని పచ్చి పోయేదాకా నీడన ఆరబెట్టడం. గుమ్మం చెక్కనైతే నెలల తరబడి ఆరబెడతాం. చావు అన్నాళ్ళు ఆగదు కదా. సా మిల్లు నుంచి అప్పటికప్పుడు తెచ్చిన పచ్చి మామిడి పలకలకే మేకులు కొట్టేస్తాం. మేకు దిగుతుంటే చెక్కలోంచి చెమ్మ ఊరుతుంది. నాకు ఆ పని ఎప్పుడూ తృప్తినివ్వలేదు. పనివాణ్ణి అనిపించుకున్నాక పని పనిలా ఉండాలి.

ముందే చేసి ఉంచొచ్చు కదా అంటారేమో. ఉంచకూడదు. పెట్టె సిద్ధంగా ఉంటే మనిషిని పిలిచినట్టేనని మా నాన్న అనేవాడు. ఆ మాట దాటడానికి నాకూ ధైర్యం లేదు.

అలాంటి దుకాణానికి ఎస్తేరమ్మ గారు తన కాళ్ళతో తనే నడిచివచ్చి, తన పెట్టె చెయ్యమని తనే అడిగారు.

ఆవిడ రిటైరైన బైబిలు ఉమన్. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించి, వాళ్ళ కష్టసుఖాలు విని, ప్రార్థన చేసి వచ్చే ఉద్యోగం అది. తెల్ల చీర, నల్ల గొడుగు, భుజాన గుడ్డ సంచి. మా ఆవిడకి టైఫాయిడ్ వచ్చినప్పుడు పిలవకుండానే వచ్చి జావ కాచి పోసి, మంచం పక్కన కళ్ళు మూసుకుని రెండు మాటలు చెప్పుకుని వెళ్ళారు. మేం ఆ మతం వాళ్ళం కాకపోయినా మా ఇంట్లో ఆవిడ మాటకి విలువ ఉంది.

ఆ రోజు ఆవిడ వెనక రిక్షాలో రెండు పాత తలుపు రెక్కలు వచ్చాయి. నిఖార్సైన టేకు. రిక్షావాడు ఆవిడ పక్కింటి సామ్యేలు. తాగుతాడని ఊరందరికీ తెలుసు గానీ ఆ ఉదయం తాగలేదు. తలుపుల్ని ఎక్కడా గీత పడకుండా దింపి, గోడకి ఆనించి, దూరంగా వెళ్ళి బీడీ ముట్టించాడు.

"చర్చికి కొత్త తలుపులు పెట్టారు గదా నాయనా. పాతవి నాకిచ్చారు, ఇన్నేళ్ళు సేవ చేశానని," అన్నారు ఆవిడ.

"మీ ఇంటి గుమ్మానికి సరిపడా కోసిమ్మంటారా?"

"గుమ్మానికి కాదు. నాకు పెట్టె చెయ్యాలి."

ఆ మాట మా ఆవిడ చెవిన పడింది. తడి చేతులతోనే పంచలోకి వచ్చేసింది. "శుభమా అంటా అదేం మాటండీ. బతికున్న మనిషికి కొలత తీస్తారా ఎక్కడన్నా?"

ఎస్తేరమ్మ గారు నవ్వి బల్ల మీద కూర్చున్నారు. తర్వాత నవ్వు లేకుండా చెప్పారు. ఆవిడ భర్త తాపీ పని చేసేవాడట. ఆయన పోయినప్పుడు వారం రోజుల ముసురు. చెక్క దొరక్క చాపలో చుట్టి పెట్టేశారట. గోతిలో నీళ్ళు ఊరుతున్నాయట. "చాప మీద మట్టి పడ్డ చప్పుడు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదమ్మా. ప్రాణం దేవుడి దగ్గరికి పోతుందని నేనే పదిమందికీ చెప్పినదాన్ని. అయినా ఆ చప్పుడంటే భయం. పిల్లా పీచూ లేనిదాన్ని, నాకు ఎవరు తెస్తారు పెట్టె? ఈ తలుపు ఎన్నేళ్ళు దాటానో. దీన్లోనే పడుకుంటాను."

మా ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుని ఆ బల్ల మీదే కూర్చుంది. నాకు మాత్రం నాన్న మాట అడ్డం. ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. "మూత బిగిస్తేనే అది పెట్టె అవుద్దండి. మూత లేకపోతే వట్టి తొట్టి. నేను తొట్టి చేసిస్తాను. మూత కోసి నా దగ్గర ఉంచుతాను. అవసరం వచ్చిన రోజున వచ్చి బిగిస్తాను."

"దేవుణ్ణి కూడా బోల్తా కొట్టిస్తావు నాయనా నువ్వు," అని ఆవిడ ఒప్పుకున్నారు.

కొలత కూడా నేను తియ్యలేదు. ఆవిడే ఇంటికెళ్ళి తాడు కొలుచుకుని, రెండు ముళ్ళు వేసి తెచ్చారు. పని అయ్యాక ఆ తాడుని పంచలో మేకుకి తగిలించాను.

ఆ పెట్టెని మనసు పెట్టి చేశాను. మేకు అనేది వాడలేదు. మూలలన్నీ డవ్‌టెయిల్ జాయింట్లే. రెండు పలకల అంచుల్నీ పావురం తోక ఆకారంలో కోసి, ఒకదాన్లో ఒకటి దిగ్గొట్టే పని అది. ఒకసారి పడితే విడదియ్యడం కష్టం. మూతకి వచ్చిన పలక మీద పాత గడియ మచ్చ ఉంది. చిత్రిక పట్టి తీసేయనా అని అడిగితే ఉండనీ అన్నారు.

తొట్టిని ఆవిడ గదిలో గోడవారగా పెట్టించుకుని సండే స్కూలు పిల్లల చాపలూ, డప్పూ అందులో దాచేవారు. మధ్యాహ్నం పూట పిల్లలు దాని అంచు మీద కూర్చుని పాటలు పాడేవారు. నేను అటు వెళ్ళినప్పుడల్లా చూసి, మూలలు కదల్లేదని సంతోషపడేవాణ్ణి. మా ఆవిడ మాత్రం ఆ గదిలోకి వెళ్ళేది కాదు.

మరుసటి ఏడు వానాకాలంలో గోదావరి పొంగింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందోనని అందరూ రేడియో ముందు కూర్చునేవారు. కరెంటు లేదు, సా మిల్లు మూసేశారు, కర్రల డిపోలో మోకాలి లోతు నీళ్ళు. అలాంటి రోజుల్లో ఒక రాత్రి సామ్యేలు పోయాడు. కొన్నాళ్ళుగా కడుపు ఉబ్బి మంచాన ఉన్నాడు. పొద్దున్నే వాడి బావమరిది తాడు పట్టుకుని తడిసిపోయి వచ్చాడు. నా దగ్గర ఒక రైతు ఇల్లు కట్టుకోడానికి ఇచ్చిన గుమ్మం చెక్క తప్ప ఏమీ లేదు. అది నాది కాదు. అదే చెప్పాను. అతను తాడు చుట్టుకుని, "చాపే చూసుకుంటామండి," అని వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం చూడలేక నేను పనిముట్లు సర్దుతూ కూర్చున్నాను.

కాసేపటికి గొడుగు వేసుకుని ఎస్తేరమ్మ గారు వచ్చారు.

"మూత తీసుకుని రా నాయనా."

మనిషి ఎదురుగా నిక్షేపంలా ఉన్నారు. "ఎవరికండి?"

"సామ్యేలుకి."

ఆవిడ వెనకే చర్చి పెద్ద ఒకాయన వచ్చారు. రిటైరైన గుమాస్తా, పద్ధతి గల మనిషి. "అదికాదు ఎస్తేరమ్మ గారూ, మీ సేవకి గుర్తుగా సంఘం ఇచ్చిన తలుపండి అది. ఏనాడూ చర్చిలో అడుగు పెట్టని తాగుబోతుకి ఇస్తానంటే ఎలాగండి?"

"నాకు ఇచ్చారా, అరువిచ్చారా?" అని అడిగారు ఆవిడ.

ఆవిడే మళ్ళీ మెల్లగా చెప్పారు. "ప్రతి ఆదివారం గేటు బయట రిక్షా ఆపుకుని పాటలు వినేవాడండి. లోపలికి రారా అంటే, తాగున్నానమ్మా, వచ్చే వారం వత్తాను అనేవాడు. ఎన్నిసార్లు పిలిచినా ఆ తలుపు దాటలేదు. అందుకని తలుపునే పంపిస్తన్నాను."

పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుని, "మొయ్యడానికి నలుగుర్ని పంపిస్తాను," అని వెళ్ళారు.

నాకు మాత్రం మింగుడు పడలేదు. అంత మంచి పని మట్టిలోకి పోతుందని కాదు. ఎలాగూ మట్టిలోకి పోయేదే. ఆవిడకి చాపంటే ఎంత భయమో విన్నవాణ్ణి. "మరి మీకో?" అని అడిగాను. "మళ్ళీ ఇలాంటి టేకు ఎక్కణ్ణించి వస్తదండి? మీకు భయం లేదా?"

"భయం లేకేం నాయనా. రాత్రంతా దేవుణ్ణి అదే అడిగాను. భయం లేనోళ్ళకి ఆయనతో పనేముంది?" ఆవిడ గొడుగు తెరిచారు. "నా సంగతి ఆయన చూసుకుంటాడు. నువ్వు కూడా ఉన్నావు గదా."

"ఇదేంటండి, దేవుడున్నాడంటూనే నేనున్నానంటారు?"

"ఆయన చేసే పని ఎవరో ఒకరి చేత్తోనే గదా చేసేది," అంటూ వానలోకి దిగారు. నేను మూత నెత్తిన పెట్టుకుని వెనకాలే నడిచాను.

సమాధుల తోట మెరక మీద ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు లేవు. పాస్టరు గారు ప్రార్థన ముగించాక మట్టి వేశారు. చెక్క మీద మట్టి పడింది. సామ్యేలు భార్య దీనమ్మని పట్టుకుని ఎస్తేరమ్మ గారు తల వంచి ఆ చప్పుడు వింటున్నారు. గడియ మచ్చ మట్టితో కప్పుకుపోయేదాకా నేనూ అక్కడే ఉన్నాను. పెట్టె ఇచ్చేసి ఇంటికి రావడమే నా అలవాటు, అంతవరకూ ఎవరి వెంటా సమాధుల తోట దాకా వెళ్ళలేదు.

వరద తీశాక నేను చేసిన మొదటి పని పనస పలకలు కొనడం. బాగా చేవ ఉన్నవి ఏరి, అటక మీద, మధ్యలో పుల్లలు పెట్టి గాలి ఆడేలా పేర్చాను. పెట్టె చెయ్యలేదు, పలకలే కదా. నాన్న మాటా దాటలేదు. ఎవరికని మా ఆవిడ అడగలేదు. గుమ్మాలకి కావాలని ఇద్దరు ముగ్గురు అడిగితే, అమ్మకానికి కాదని తనే చెప్పి పంపించింది.

ఎస్తేరమ్మ గారు మా దుకాణం ముందు నుంచే సంతకి వెళ్ళేవారు. ఒకసారి ఆగి, అటక కేసి చూసి, "అవి ఎవరి గుమ్మానికి నాయనా?" అన్నారు.

"ఎవరో ఉన్నార్లెండి. తొందర లేదన్నారు."

ఆవిడ పకపకా నవ్వారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేనైతే రోజూ ఒకసారి పైకి చూసుకునేవాణ్ణి. ఆవిడ మాత్రం పెట్టె సంగతే మరిచిపోయినట్టు వాక్యం చదువుకుంటూ, ఇల్లిల్లూ తిరుగుతూ, పిల్లలకి పాటలు నేర్పుతూ ఉండేవారు. నమ్మకం అంటే చేతులు కట్టుకుని ఎదురుచూడటం అనుకునేవాణ్ణి అంతవరకు. ఉన్నది తీసి ఇచ్చేసి, ఆ తర్వాత నిశ్చింతగా తన పని తను చేసుకోవడమని ఆవిణ్ణి చూశాక తెలిసింది.

కొన్నేళ్ళకి ఒక వేసవి ఉదయం దీనమ్మ వచ్చింది. చేతిలో తాడు లేదు. గుమ్మం పట్టుకుని నుంచుంది.

"నిద్రలోనే పోయిందండి ఆయమ్మ. తాడు తేవడం మర్చిపోయానండి."

"అక్కర్లేదు," అని మేకుకి ఉన్న తాడు తీశాను. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. దులుపుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మా ఆవిడ అటకకి నిచ్చెన వేసింది.

ఆ పలకల్లో చుక్క చెమ్మ లేదు. చిత్రిక కింద పసుప్పచ్చటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ రాలింది. దీనమ్మ వెళ్ళకుండా అక్కడే కూర్చుని ఆ పొట్టునంతా కొంగులోకి ఎత్తుకుంది. పొయ్యిలోకి కాబోలు అనుకున్నాను. ఈసారీ మేకులు వాడలేదు, మూలలన్నీ డవ్‌టెయిల్ జాయింట్లే.

సాయంత్రం ఆవిణ్ణి అందులో పడుకోబెట్టారు. తల దగ్గర బెత్తెడు ఖాళీ మిగిలిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళ పనిలో కొలత తప్పినవాణ్ణి కాదు. తాడు తీసి మళ్ళీ చూశాను. తాడులో తప్పు లేదు. ముళ్ళు వేసుకున్నప్పటి మనిషి కాదు ఆవిడ, ముసలితనానికి కుదించుకుపోయారు. మూత పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాను.

దీనమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. చేతిలో తెల్లగుడ్డతో కుట్టిన చిన్న దిండు. లోపల ఆ పనస పొట్టు. "గట్టి చెక్క మీద తల ఆనుద్దని కుట్టానండి," అంటూ ఎస్తేరమ్మ గారి తల ఎత్తి కింద పెట్టింది. ఆ బెత్తెడు ఖాళీకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

అప్పుడు మూత బిగించాను.

నేనిప్పటికీ చర్చికి వెళ్ళను. నా దేవుళ్ళు నాకున్నారు. కానీ ఆ రోజు నుంచీ మా వెనక వీధుల్లో ఎవర్నీ పచ్చి చెక్కలో పంపలేదు. పలకలు అయిపోగానే కొత్తవి కొని అటకెక్కిస్తాను. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, ఇంత మంచి చెక్క ఎవరికోసమండీ అని అడుగుతుంటారు. ఎవరో ఉన్నార్లెండి, తొందర లేదన్నారు అని చెబుతాను.