సల్మాబాద్ గదిలో నిలవని మంట

"పంపు టిక్కు టిక్కుమంటున్నదంటే డీజిల్ వస్తున్నదని కాదు తమ్మీ. అందరం గాడనే మోసపోతం. పైపు ఊడదీసి సీసల పెట్టి సూడాలె. టిక్కుమన్నప్పుడల్లా ఓ సుక్క పడాలె. పడ్డది, నా కండ్లతోని సూసిన. మరి మంటెందుకు ఆరుతున్నది? నువ్వు చెప్పు."

నాకేం తెలుసని చెప్పను? ఈసా టౌన్‌లో ఒక అరబ్బు ఇంట్లో కారు నడుపుకునేవాణ్ణి. శుక్రవారం సెలవు దొరికితే మనవాళ్లు పనివాళ్లుగా ఉండే సల్మాబాద్ క్యాంపుకు వచ్చి ముత్తన్న మాటలు వింటూ కూర్చోవడం నాకు అలవాటు. ఆయనది జగిత్యాల దిక్కు. ఊళ్లో ఆయిలింజన్లు బాగుచేసిన చెయ్యి, ఇక్కడ గ్యారేజీలో లారీల కింద దూరింది. ఏ యంత్రాన్నయినా విప్పే ముందు దాని మీద అరచెయ్యి వేసి కాసేపు ఊరుకుంటాడు, జ్వరం చూసినట్టు.

అది తొంభై ఆరు జనవరి. గది గుమ్మం ముందు టీ తాగుతూ కూర్చున్నాం. సముద్రం గాలికి రేకుల గది గోడలు కూడా చల్లబడిపోయాయి.

"స్వెట్టర్ మీద స్వెట్టర్ ఏస్కొచ్చినవ్. మీ కాకినాడోళ్లు చలికి గింత భయపడతరా?"

"ముందు మంట సంగతి చెప్పన్నా."

చెప్పాడు. తుక్కుకు పోయే లారీ క్యాబిన్‌లోంచి చిన్న డీజిల్ హీటర్ ఊడదీసి, పాత బ్యాటరీల మీద నడిచేలా గదిలో బిగించింది ఆయనే. పొగ గొట్టం గోడ అవతలికి, డీజిల్ డబ్బా కూడా అవతలే. అక్కణ్ణించి సన్నని రబ్బరు పైపు గోడ వెంట లోపలికి వస్తుంది. పోయిన చలికాలమంతా బాగానే మండింది. ఆ చలికాలం చివర్లోనే గదిలో ఉండే వెంకటి పోయాడు. డ్యూటీ నుంచి వచ్చి మంచం మీద వాలినవాడు మళ్లీ లేవలేదు. గుండె అన్నారు.

వెంకటి తమ్ముడు పరమేశ్‌దీ అదే గది. అన్న తెప్పించిన వీసా మీదే వచ్చాడు. శవప్పెట్టె విమానం ఎక్కింది గాని, వెంట వెళ్లడానికి పరమేశ్‌కు సెలవు దొరకలేదు. వెంకటికి కొడుకుల్లేరు. ఊళ్లో పాలోళ్లెవరో కొరివి పెట్టారు.

"ఈ యేడు చలి మొదలైనంక హీటర్ ముట్టిచ్చినం. పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయినంక ముట్టిస్తే జరసేపు మంచిగ మండుతది. ఇంక గది ఎచ్చబడతదనంగ, ఎవరో లోపల్నుంచి నిట్టూర్పు ఇడిసినట్టు ఆరిపోతది. పంపేమో టిక్కు టిక్కుమని కొట్టుకుంటనే ఉంటది. మూడో దినం పరమేశ్ లేచి నిలబడ్డడు. 'నేను కొరివి పెట్టలే ముత్తన్నా, అందుకే అన్న మంట నిలువనిస్తలేడు' అన్నడు."

ముత్తన్న మాత్రం డబ్బా వంచి అడుగున చేరిన నీళ్లు పారబోశాడు. జల్లెడ కడిగాడు. పంపు మార్చాడు. హీటర్‌ను గ్యారేజీకి మోసుకుపోయి వేరే డబ్బా తగిలించి నడిపితే పొద్దస్తమానం మండింది. తెచ్చి గదిలో పెడితే మళ్లీ ఆరింది. పరమేశ్ సామాన్ సర్దుకుని సిత్రాలో ఇంకో క్యాంపుకు వెళ్లిపోయాడు.

"అప్పుడు నాగ్గూడ భయమైంది తమ్మీ. మిషన్ మంచిదే. గదిలనే ఏదో ఉన్నది."

ఒకనాడు డ్యూటీ దిగి వచ్చి, డబ్బా దగ్గర్నుంచి పైపు వెంటే వేలితో తడుముకుంటూ వచ్చాడట. ఒకచోట చెయ్యి ఆగింది. ఎదురుగా వెంకటి మంచం. మనిషి పోయిన మంచాన్ని పండబెట్టడం వాళ్ల దిక్కున లేదు, గోడకు నిలబెడతారు. ఆ నాడు పరమేశే నిలబెట్టాడు. తర్వాత ఎవరూ ముట్టలేదు. పైపు దాని వెనక నుంచే పోతోంది.

"రెండు కొసలు ఎన్నిసార్లు సూసిన్నో! నడుమ సూడలె. మంచాన్ని ముట్టాలె గద! ఆఖరికి 'వెంకటీ, జర జరుగు' అన్న. జరిపిన. ఇనుప కోడు పైపు మీదనే కూసున్నది. సగం నలిగింది. చిన్నమంటకు ఆ సుక్కలు సాలుతయి. సెగ పెరిగి ఎక్కువ అడిగినప్పుడు అందవు. గంతే. పైపు కోసి కొత్తది ఏసిన. ముట్టిస్తే, నేను బందు పెట్టేదాక మండింది."

"అయితే పరమేశ్‌కు చెప్పలేదా?"

"ఉరికిపోయి చెప్పిన. ఇని ఏమన్నడో తెలుసా? 'మంచం నిలవెట్టింది నేనే గదనే. నా చేతుల్తోనే అన్న పైపు తొక్కిచ్చిండు' అన్నడు." ముత్తన్న గ్లాసు కింద పెట్టాడు. "కాదని నేనెట్లంట? మంచం జరుపుతుంటే నాకు గూడ గట్లనే అనిపించింది మరి."

అక్కడ సిత్రాలో పరమేశ్ తిండి మానేశాడు, దగ్గు పట్టుకుంది. ఇట్లాగే ఉంటే ఊరికి పంపించేస్తానంటున్నాడట ఫోర్‌మన్. అన్నను సాగనంపని తమ్ముడు ఉద్యోగం పోగొట్టుకుని అన్న పెట్టె దిగిన వాకిట్లోనే దిగాలి.

గదిలోకి తొంగి చూశాను. ముగ్గురు కంబళ్లు కప్పుకుని ముడుచుకుని ఉన్నారు. హీటర్ తళతళలాడుతోంది. వెలగడం లేదు.

"బాగయ్యింది కదన్నా, మరి ఈ చలేమిటి?"

"ఎవ్వరూ మీట ముట్టద్దని నేనే చెప్పిన. అన్నకు పెట్టని మంట ఇంక వాడే ముట్టియ్యాలె." ఆయన నా చేతిలో టీ గ్లాసు లాక్కున్నాడు. "మళ్ల తాగుదువు గని, లే. బండి తీస్కోని సిత్రా పో. నేను పోతే మళ్ల పైపు ముచ్చటే చెప్తననుకుంటడు. నువ్వు మిషన్ మాట ఎత్తకు, మంచం మాట ఎత్తకు. నీ అన్న గదిల అందరం చలికి వణుక్కుంట నీకోసం కూసున్నమని చెప్పు. గంతే చెప్పు. తోల్కరా తమ్మీ. యల్లా, కదులు."