కుర్చీలో కూర్చున్న కోచ్

టీవీలో జిమ్నాస్టిక్స్ చేసే ఆడపిల్లల సరదా సినిమా చూసి, నవ్వుకుంటూనే మా అమ్మాయి పొలం గట్టు మీద పల్టీలు నేర్చుకుంది. మొయినాబాద్ చుట్టూ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫాంహౌసులకు పొలాలు కొంటున్న రోజులవి. ఉన్న పొలం అమ్ముకోగా మాకు మిగిలినవి రెండెకరాలు, 'పటేల్' అనే పెద్దరికపు పిలుపు.

స్కూలు కోచ్ ఆమెను జిల్లా పోటీలకు ఎంపిక చేసి, నా సంతకం కోసం ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో జీతగాడిగా పనిచేసినవాడి కొడుకతను. వాళ్ల నాన్న ఎప్పుడూ వాకిట్లో నిలబడే మాట్లాడేవాడు. ఇతను నేను చెప్పకముందే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"పిల్ల గాలిల తేలుతది పటేలా. జర సంతకం పెట్టున్రి," అన్నాడు.

"గా కురచ బట్టలేసుకొని పదిమందిల ఎగురుడా? మా ఇంట్ల నడవదు," అన్నాను. నిజానికి బట్టల మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. కుర్చీ సంగతి పైకి చెప్పలేక అలా అన్నాను.

అమ్మాయి ఆ మాట నమ్మింది. మర్నాడు స్కూల్లో ఇచ్చిన జిమ్నాస్టిక్స్ డ్రెస్సుకు మడమల దాకా నల్లగుడ్డ కుట్టుకుని వచ్చింది.

"ఇగో బాపు, నిండుగ ఉన్నది. పల్టీలు కొట్టే దొరసాని లెక్క ఉన్న గదా!" అని నవ్వింది.

నేను సంతకం పెట్టలేదు. పోటీలు ఆమె లేకుండానే జరిగిపోయాయి. గుడ్డ ఇంకో బెత్తెడు పొడుగు కుట్టి ఉంటే నేను ఒప్పుకునేవాడినని ఇప్పటికీ అంటుంది. కాదని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.