పన్నెండేళ్ల పిల్లకు మంచి పుస్తకాలు

మా అక్క పోయిన తరువాత ఆమె కూతురిని బావ వాళ్లక్క, అంటే నాకు వదిన, సాకింది. అక్క మంచం పట్టిన నెలలన్నీ ఒళ్లు తుడిచి, గుడ్డలు ఉతికి, గంజి తాగించింది కూడా ఆమే. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సుని. సెలవు దొరికినప్పుడు షాద్‌నగర్ పోయి అక్కను చూసి వచ్చేదాన్ని. సేవ చేసింది వదిన, చుట్టంలా వచ్చి పోయింది నేను. ఆ సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు, నన్నూ మరిచిపోనివ్వలేదు. ఆ సేవ తరువాత ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేకుండా పోయింది. మా బావ ఫ్యాక్టరీకి పోవడం, రావడం, పెట్టింది తినడం. అక్క ఉన్నప్పుడు అక్క చెప్పినట్టు విన్నాడు, పోయాక వాళ్లక్క చెప్పినట్టు.

పిల్లకు పన్నెండేళ్లు నిండుతాయనగా ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, ఈసారి ఫ్రాకు తేకు. నాకు కథల పుస్తకాలు గావాలె."

"ఏం కథలు?"

గొంతు తగ్గించింది. "భయమయ్యేటియి. అమ్మ సదివేది సూడు, గసొంటియి."

మా అమ్మానాయిన పరాయి పొలాల్లో కూలికి పోయి మమ్మల్ని చదివించారు. మా ఇంట్లో మొదట పుస్తకం పట్టింది అక్క. పెళ్లయ్యాక కూడా లైబ్రరీ నుంచి తెచ్చి, రాకాసి గొంతు పెట్టి కూతురికి చదివేది. పిల్ల దుప్పట్లో దూరి, ఒక కన్ను మాత్రం బయట పెట్టి, "ఇంకోటి" అనేది. ఆ కన్ను నాకు బాగా గుర్తు.

అంతలో ఫోన్ వదిన చేతికి పోయింది. "పుస్తకాలు తెస్తవట. తే గని మంచియి తే. మంచియి అంటె ఏందో నీకు ఎర్కనే గదా."

ఎరుకే అన్నాను.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర సందులో ఒక పుస్తకాల షాపు ఉండేది. ఎక్కువగా గైడ్లు, నోటు పుస్తకాలు అమ్మేవారు. పన్నెండేళ్ల ఆడపిల్లకు కథల పుస్తకాలు కావాలని అడిగితే, షాపాయన నా మెడలో సిలువ గొలుసు చూసి, కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "మీ పుస్తకాలు గా కింద అరల ఉన్నయమ్మా. మీవోళ్లు గవే కొంటరు."

కింద అర ముందు కూర్చున్నాను. దుమ్ము తుడిస్తే గొర్రెపిల్లలు, ఇంద్రధనుస్సులు, రంగులు వేసుకునే బొమ్మలు. అన్నీ ఐదారేళ్ల పిల్లలవి. వాటి కింద ఒక పలుచటి పుస్తకం దొరికింది. దేవుని ఆడబిడ్డ ఎట్లా కూర్చోవాలి, ఎట్లా నడవాలి, ఎంత మెల్లగా మాట్లాడాలి, నవ్వితే పళ్లు ఎందుకు కనపడకూడదు. వదినకు నచ్చే పుస్తకం. దాన్ని పిల్ల చేతుల్లో ఊహించుకున్నాను. మళ్లీ అందరికంటే అడుగున పెట్టేశాను. బైబిలు వాక్యంలోని కథలు పెద్ద అక్షరాలతో, మంచి బొమ్మలతో ఉన్నది ఒకటి కనపడితే తీసుకున్నాను. అది పిల్లకు నిజంగా నచ్చుతుందనే తీసుకున్నాను. సముద్రం బొమ్మ రెండు పేజీల నిండా ఉంది.

తరువాత లేచి పై అరలు చూశాను. షాపాయన కళ్లతో వెంటాడాడు. పక్షుల పుస్తకం ఒకటి తీశాను. దాని పక్కన రాకాసి కథల పుస్తకం. అట్ట మీద రాకాసి జుట్టు విరబోసుకుని, ఇంతింత కళ్లేసుకుని చూస్తోంది. నిలబడే మొదటి కథ చదివాను. మేకలు కాసే పిల్లను రాకాసి మింగుతుంది. ఆ పిల్ల కడుపులో కూర్చుని ఆపకుండా పాటలు పాడుతుంది. రాకాసికి నిద్ర కరువై, చివరికి పిల్లను కక్కేసి, చేతులు జోడించి, "పో తల్లీ, మీ అమ్మ దగ్గరికి పో" అంటుంది. షాపులో పైకే నవ్వాను.

"గది మీకు పనికొస్తదా?" అన్నాడు షాపాయన.

"పిల్లలకు పనికొస్తది."

వదిన గుర్తు రాలేదని కాదు. కాని పిల్ల అడిగింది అదే. అక్క ఉంటే కొనేది అదే. మూడింటినీ ఎర్ర కాగితంలో చుట్టించాను.

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. నార్కట్‌పల్లి దాకా బస్సులో నిలబడి, హైదరాబాద్‌లో బస్సు మారి, ఆరాధన అయిపోయే వేళకు షాద్‌నగర్ చేరాను. ఇంటి ముందు టెంటు వేశారు. గోడ పక్కన కట్టెల పొయ్యి మీద బగార అన్నం ఉడుకుతోంది. పాస్టరయ్యగారు ఇంకో ఊళ్లో ప్రార్థన ముగించుకుని రావాలి. ఆయన వచ్చేలోపు కానుకలు విప్పుదామని వదిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. చర్చి సంఘంలోని ఆడవాళ్లు చుట్టూ చేరారు.

నా ఎర్ర కాగితం వదినే విప్పింది. వాక్యం కథలు అందరికీ ఎత్తి చూపింది. పక్షుల పుస్తకం తిప్పి, "దేవుని సృష్టి, మంచిగున్నది" అంది. మూడోది చేతిలోకి తీసుకున్నాక కూడా ఆమె ముఖం మీద నవ్వు పోలేదు.

"గీ బొమ్మ ఏంది బిడ్డా?"

"రాకాసి," అంది పిల్ల. చేయి అప్పటికే పుస్తకం మీద వేసింది.

"రాకాసి అంటె? దయ్యమా, దేవదూతనా?"

ఆడవాళ్లు నవ్వారు. పిల్ల చేయి తీసేసింది. "దయ్యం."

"మీ అమ్మ గూడ ఇంట్ల గిసొంటియే సదివేది గదా. మరి మీ అమ్మ ఏమైంది?"

పిల్ల తల దించుకుంది.

"అడుగుతున్న గదా. గట్టిగ చెప్పు, అందరు ఇంటరు. ఏమైంది?"

"సచ్చిపోయింది."

నేను లేచాను. "వదినె, అక్కకు కిడ్నీలు పాడైనయి. నీ కండ్లతోని చూసినవ్. గది పిల్లల కథల పుస్తకం, నవ్వొచ్చే కథలు. ఒక్కటి సదివి సూడు."

"నర్సువు గదా, నీకు రోగం పేరు ఎర్క. ఎందుకొచ్చిందో దేవునికెర్క," అంది ఆమె, గొంతు పెంచకుండా. "ఊపిరి పోయేటప్పుడు నువ్వేడున్నవ్? డ్యూటీల ఉన్నవ్. నేనున్న దగ్గర."

అది నిజం.

"పో బిడ్డా," అంది పిల్లతో, వెన్ను నిమురుతూ. "నీ చేత్తోనే పొయ్యిల ఏసిరా. పుట్టినరోజు నాడు మంచి పని చేసినట్టు."

పిల్ల వాళ్ల నాన్న వైపు చూసింది. బావ టెంటు కింద కుర్చీలు సర్దుతున్నాడు. ఒక కుర్చీ దించి ఇంకో కుర్చీ ఎత్తాడు. నేను వదిన చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. అప్పుడు పిల్లే నా దగ్గరికొచ్చి చేయి చాచింది.

"ఇయ్యి చిన్నమ్మా. ఏసొస్త."

నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకుంది. గట్టిగా పట్టుకుంటే నాకూ వదినకూ నడుమ ఆ పిల్లే నలిగేది. వదిలేశాను.

అట్ట నున్నటిది, వెంటనే అంటుకోలేదు. అంచులు ముడుచుకుంటుంటే రాకాసి కళ్లు కాసేపు అట్లాగే చూశాయి. వంటాయన కట్టెతో లోపలికి నెట్టి, "మంచిగ మండుతాంది, తొందరగ ఉడుకుతది" అన్నాడు నవ్వుతూ. పిల్ల వెనక్కి వచ్చేటప్పుడు వదిన చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు.

కాసేపటికి పాస్టరయ్యగారు వచ్చారు. పిల్ల నెత్తి మీద చేయి పెట్టి ప్రార్థన చేసి, పుస్తకాలు తిరగేశారు. "పుస్తకాలు తెచ్చింది ఎవలమ్మా? మంచి పని. నేను ఆదివారం పిల్లలకు ముందు ఒక రాకాసి కథ చెప్త. అది చెప్తెనే కుదురుగ కూసుంటరు. వాక్యం తర్వాత."

"ఈమెకు గూడ రాకాసి పుస్తకమొచ్చిందయ్యగారు," అందొక ముసలామె. "ఇప్పుడే పొయ్యిల ఏసింది."

ఆయన వదిన ముఖం చూశారు, పిల్ల ముఖం చూశారు. "అయ్యో," అన్నారు.

"కాలిందేదో కాలింది తియ్యిండ్రి," అంది వదిన. "అన్నం సల్లారుతది, రాండ్రి."

ఆయన ఇంకో మాట అంటారని చూశాను. పళ్లెం అందుకుని కూర్చున్నారు. అన్నం బాగుందని రెండోసారి పెట్టించుకున్నారు.

బయల్దేరే ముందు పిల్ల నన్ను బస్సు దాకా సాగనంపింది. దారిలో అడిగింది. "చిన్నమ్మా, అమ్మ గా కథలు సదివినందుకే సచ్చిపోయిందా?"

కాదని చెప్పాను. కిడ్నీలు ఏం పని చేస్తాయో, అక్కకు ఎందుకు పాడయ్యాయో, డాక్టర్లు ఏం చేశారో అంతా వివరంగా చెప్పాను. చివరి దాకా విన్నది.

"అమ్మ సదివింది నాకోసమే గదా," అంది. "నేనే ఇంకోటి, ఇంకోటి అనేదాన్ని."

బస్సు వచ్చింది. కండక్టరు ఎక్కమని అరుస్తున్నాడు. పిల్లను గుండెకు హత్తుకుని, నీ తప్పేం లేదు, నీ తప్పేం లేదు అన్నాను. తల ఊపింది. నమ్మి ఊపిన తల కాదు.

మరుసటి ఏడాది పోయినప్పుడు పిల్ల పొడుగైంది, చదువులో ముందుంది, సంఘంలో పాటలు పాడుతోంది. పక్కింటి చిన్నపాప, ఒకటో తరగతిదేమో, బొమ్మల కథల పుస్తకం పట్టుకుని వచ్చింది. "అక్కా, గీ దయ్యం కథ సదువవా?"

మా పిల్ల పుస్తకం తీసుకుని, అట్ట చూసి, తిరిగి ఇచ్చేసింది. "గియి సదివితె మీ అమ్మ సచ్చిపోతది," అంది. కోపంగా కాదు, రేపు బడి ఉందన్నట్టు చెప్పింది. చిన్నపాప పుస్తకం కింద పడేసి, అమ్మా అని కేకలు పెడుతూ పరిగెత్తింది. గోడ అవతల ఆ తల్లి "ఏమైంది బిడ్డా, నేనీడనే ఉన్న" అంటున్నా ఏడుపు ఆగలేదు.

మా పిల్ల వదిన వైపు చూసింది. వదిన దగ్గరికి పిలిచి జుట్టు సవరించింది.

నేను లేచి, కింద పడ్డ పుస్తకం తీసుకుని పక్కింటికి పోయాను. చిన్నపాపకు పుస్తకం ఇచ్చి, వాళ్లమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, ఆ కథ నేనే చదివాను. చదివినంతసేపూ ఆ పాప వాళ్లమ్మ ముఖమే చూస్తూ ఉంది, బతికే ఉందా అన్నట్టు.

ఇప్పుడు మా పిల్ల ఇంటర్ చదువుతోంది. వారం వారం ఫోన్ చేస్తుంది, నన్ను ప్రేమగానే పలకరిస్తుంది. ఈసారి పుట్టినరోజుకు ఏం కావాలని అడిగితే, "ఏమన్న తే చిన్నమ్మా, పుస్తకాలు మాత్రం వద్దు" అని నవ్వింది. నల్లగొండ బజారులో ఎత్తు మడమల చెప్పులు కొని పంపాను. సరిగ్గా సరిపోయాయట. వేసుకుని ఫోటో పెట్టింది.