పిన్ని ఒప్పుకోని ఆ పూట

మా పిన్ని మొన్న ఆదివారం, మా చెరకు తోటల దీవిలోని బ్రిజే వెర్దియేర్ ఊళ్లో, నిద్రలోనే పోయింది. కబురు చెప్పింది ఆమె కూతురు. "అక్కా, అమ్మ ఇక లేదు. ముఖం మాత్రం తేటగా ఉంది," అంది. ఆ ముఖం తేటగా ఉండగా నేను చూసి ఎన్నేళ్లయిందో.

బాబాయికి పెన్సిలిన్ పడలేదు. చెరకు కోతలో తెగిన చేతికి డిస్పెన్సరీలో సూది వేస్తే, ఊపిరాడక పిన్ని కళ్ల ముందే పోయాడు. అప్పటినుంచి ఆమెకు జ్వరం కంటే సూదంటేనే భయం.

మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి కొంచెం ముందు, వాళ్లమ్మాయి, నా చెల్లి, తోటలో చెరకు కోసిన మోడు మీద పడింది. మోకాలు చీము పట్టి ఒళ్లు కాలిపోతుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈ చీము పెన్సిలిన్‌కు లొంగదనీ, ఇంగ్లండు నుంచి సెఫలోరిడిన్ అనే కొత్త ఇంజెక్షన్ వచ్చిందనీ డాక్టరు చెప్పాడు.

"అది పెన్సిలిన్‌కి ఫామీయా, డోక్తేర్?" అని అడిగింది పిన్ని.

ఆయన దాచలేదు. "దూరపు చుట్టం. చాలామందికి ఏమీ కాదు. మేం పక్కనే ఉండి చూసుకుంటాం."

"చుట్టమేగా! పా పిక్ లీ!" సూది వేయొద్దంటూ మంచానికి అడ్డంగా నిలబడింది.

పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా అంతే. నేను బతిమాలాను. డాక్టరు వచ్చి, అడిగి, వెళ్లాడు. చివరికి పిల్లే అంది: "అమ్మా, వేయించవే. ఓర్చుకోలేను."

పిన్ని పక్కకు జరిగింది. సూది దిగితే పిల్ల కేక పెట్టింది. పిన్ని దాని గుండెల మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందా అని చూసుకుంటూ సాయంత్రం దాకా కదల్లేదు.

పిల్ల బతికింది. మోకాలు మాత్రం మళ్లీ వంగలేదు.

"మీరు పొద్దున్నే ఒప్పుకున్నా ఇలాగే అయ్యేదేమో," అన్నాడు డాక్టరు. పిన్నికి ఆ చివరి "ఏమో" ఒక్కటే వినబడింది. కూతురు ఆమెనెన్నడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనేది పిన్ని.

ఆ తర్వాత వీధిలో ఎవరి బిడ్డకు ఒళ్లు వెచ్చబడినా తనే డిస్పెన్సరీకి లాక్కెళ్లేది. "ఆలోచన దారిలో చేద్దువుగాని, ముందు నడువ్," అనేది. అలా బాగుపడ్డవాళ్లలో నా కొడుకూ ఉన్నాడు. ఆ సంగతి ఎత్తితే మాట మార్చేసేది.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు బడి మైదానంలో కొత్త జెండా ఎగరేశారు. ఆడపిల్లలు పాడుతూ ఆడుతున్నారు. చెల్లి కుర్చీలో కాలు చాపుకుని చప్పట్లు కొడుతోంది.

"పిన్నీ, జెండా పైకెళ్తోంది, చూడు," అన్నాను.

"చూస్తున్నానే," అంది. ఆమె చూపు మైదానంలో గెంతుతున్న పిల్లల మోకాళ్ల మీద ఉంది.