భోజనాల బల్ల దగ్గర బోర్డు మీటింగు

ఆటోనగర్‌లో నాన్న పెట్టిన బస్ బాడీల షెడ్డు ఇప్పుడు పెద్ద కంపెనీ. వాటాలన్నీ ఇంట్లోవాళ్ళవే. డైరెక్టర్లం నలుగురం: అన్నయ్య, వదిన, వదిన తమ్ముడు, నేను. మీటింగు అన్నయ్య ఇంట్లో, మధ్యాహ్న భోజనం వేళ. మగవాళ్ళిద్దరూ తింటూ నిర్ణయిస్తారు. ఆడవాళ్ళిద్దరం వడ్డిస్తూ ఆమోదిస్తాం. బయటి మనిషి ఒక్కడూ లేని బోర్డుకి మొహమాటం ఎందుకుంటుంది?

ఆ ఏడాది సీఎస్సార్ కింద, అంటే లాభాల్లోంచి సమాజం కోసం పెట్టి తీరాల్సిన ఖర్చుతో, మా ఊళ్ళో నాన్న పేరున పార్కు, దాని ముందు పెద్ద ఆర్చి కడదామన్నాడు అన్నయ్య.

నేను అంతకుముందే షెడ్డు వెనక కాలనీకి వెళ్ళొచ్చాను. మా రంగుల నీళ్ళు పక్క కాలవలోకి వదిలేస్తున్నాం. అవి ఇంకి బోరు నీళ్ళు రంగుల్లో కలిపే థిన్నరు వాసన కొడుతున్నాయి. ఒకావిడ గ్లాసు నా చేతికిచ్చి, "తాగండమ్మా, మీ కంపెనీ నీళ్ళే" అంది.

పప్పు గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"వడ్డించవేంటే?" అన్నాడు అన్నయ్య.

"మీటింగన్నావుగా. ఆర్చికి నేనొప్పుకోను. ముందు ఆ నీళ్ళు శుద్ధి చేసే ట్యాంకు కట్టు."

వదిన తమ్ముడు నవ్వాడు. "అది సేవ కిందకి రాదండీ. మన మురుగు మనం కడుక్కోడమే అవుద్ది."

"కదండీ! ముందు కడుక్కుందాం, దానాలు తర్వాత."

"నాన్న పేరు నిలబెట్టాలని లేదా నీకు?" అన్నాడు అన్నయ్య.

"నీకుంటే నీ జేబులోంచి కట్టు."

"కంపెనీ మనదేగా!"

"మురుగూ మనదేగా మరి!"

అన్నయ్య మొహం ఎర్రబడింది. "ఓటు పెడదాం" అన్నాడు, వదిన ఓటు తన కంచంలోనే ఉందన్న ధీమాతో.

వదిన గరిట పట్టుకునే చెప్పింది: "నాది మీ చెల్లి వైపేనండి. మన పనావిడ ఆ కాలనీదే. పిల్లలకి ఒళ్ళంతా దద్దుర్లంట."

"ఇద్దరికిద్దరు. ఛైర్మన్‌గా ఇంకో ఓటు నాదే."

"వేసుకోండి. వాటాదార్ల మీటింగులో మేం చూసుకుంటాం" అంది వదిన.

పన్నుల బాధ తప్పుతుందని అన్నయ్య తన వాటాల్లో చాలావరకు ఏనాడో వదిన పేరున రాశాడు. వాటికి నావి కలిస్తే సగం దాటతాయి, ఛైర్మన్నే మార్చేయొచ్చు.

ట్యాంకు కంపెనీ ఖర్చుతోనే కట్టారు. కాలవలోకి వెళ్ళే పైపు మూసేశారు. సీఎస్సార్ డబ్బుతో కాలనీకి మంచినీళ్ళ కుళాయి కూడా వేయించాం. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. మానేయనీ. ఓటెయ్యడానికి పలకరింపులతో పనిలేదు.